రొయ్యపొట్టుకి మంచినీళ్ళు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. ఉంటుంది, కాదనను. జన్మకి ఒక్కసారి ఆ కోపాన్ని మింగాను. అది కూడా రొయ్యల కోసం. పులుసులో వేసుకునే రొయ్యలు కావు, మా ఇంట్లో గాజుతొట్టెలో కాపురం పెట్టినవి.

అరవైలు అయిపోవస్తున్న రోజులవి. నాకు పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. పుట్టిల్లు ఆమదాలవలస, అత్తిల్లు శ్రీకాకుళం. బస్సెక్కితే కూర్చున్న చోటు వేడెక్కేలోపే దిగిపోవచ్చు. పైగా మేనరికం. అత్తగారంటే మా నాన్నకి సొంత అక్క, మొగుడంటే చిన్నప్పుడు నా జడ పట్టుకు లాగిన బావ. అందుకని కొత్తకోడలి భయాలేవీ నాకు లేకపోయాయి. మావ అప్పటికే పోయాడు. ఇంట్లో ముగ్గురమే. బావ కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేసేవాడు. కప్పల్ని కోసి చూపించే ఉద్యోగమని మా అత్త చుట్టాలకి చెప్పేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా వదిన పురిటికి వచ్చింది. వదినంటే బావకి అక్క, అత్తకి ఒక్కగానొక్క కూతురు. మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ ఏడవనే లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు గానీ, వదిన గది దాటి వరండాలోకి వస్తే చాలు అత్త చేతిలో పని ఆగిపోయేది. వదిన మాత్రం వచ్చిన రోజే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

“నొప్పులొచ్చినపుడు నువ్వు నా పక్కనే ఉండాలి. అమ్మ కంగారు సూస్తే నాకు ఉన్న ధైర్యం కాస్తా పోతాది” అంది.

ఉంటానని మాటిచ్చాను. ఇంట్లో ఆ గదిలోకి వెళ్ళే హక్కు నాకు అలా వచ్చింది. దాని మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను.

మంచం మీద కూర్చుని కూర్చుని అక్కకి బుర్ర పాడవుతోందని, ఆవిడ చూసుకోడానికి ఏదైనా ఉండాలని బావ ఆ తొట్టె కట్టించాడు. పటాలు కట్టే అతని చేత అద్దాలు కోయించి, రేకు చట్రంలో లప్పంతో బిగించాడు. పొడవు రెండు జానలుంటుందేమో. మొదటి మూడు రోజులూ కారింది. నాలుగో రోజు కారడం మానేశాక, వదిన మంచానికి ఎదురుగా కిటికీ కింద బల్ల మీద పెట్టి, అడుగున ఇసక పోసి, రెండు రాళ్ళు, కాస్త నాచు వేశాడు.

“కూరలోకి ఎయ్యవలసిన రొయ్యలకి అద్దాల మేడేటిరా?” అంది మా అత్త.

బావ దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఏ చేప పక్కన ఏ రొయ్య బతుకుతుందో అందులో రంగుల బొమ్మలతో సహా ఉంది. ఆ బొమ్మల్లో ఉన్న చేప ఒక్కటి కూడా మా నాగావళిలో దొరకదు. పుస్తకం పక్కన పెట్టి, ఏటి ఒడ్డు నుంచి గంప తెచ్చే చేపలామెని అడిగాం. చిన్న రొయ్యలు కావాలి, పచ్చివే తెమ్మని నేనే చెప్పాను. మర్నాడు తెచ్చింది. మిలమిల మెరుస్తున్నాయి, ఒక్కటీ కదలడం లేదు.

“ఇంతకన్నా పచ్చివి ఎక్కడుంటాయమ్మా? తెల్లారగట్ల పట్టినవే” అంది.

ఎండువి కావని చెప్పడానికి పచ్చివని అంటాం తప్ప, ప్రాణంతో ఉన్నవి కావాలంటే ఏమనాలో నాకూ తట్టలేదు. పెంచుకోడానికని చెప్పాను. ఆవిడ నన్ను, వీధిలోంచి కనిపిస్తున్న తొట్టెని, మళ్ళీ నన్ను చూసింది. పెంచి పెద్దయ్యాక తింటారా అని అడిగింది. తినం అని చెప్పాను. ఆవిడ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మట్టికుండలో నీళ్ళతో సహా పది తెచ్చింది. వేలి గోరంత పొడుగు, ఒంట్లోంచి అవతలి నాచు కనపడేంత పల్చన. మా అత్త వాటికి రొయ్యపొట్టు అని పేరు పెట్టింది.

రొయ్యలు సరే, వాటితో ఏ చేప? బావకి ముందు దోమచేపలు తట్టాయి. దోమల పిల్లల్ని తింటాయని మలేరియా వాళ్ళు ఊళ్ళో నూతుల్లో వదిలిన చేపలవి. పొట్టివి, ఊరికే దొరికేవి, సాధువుల్లా కనిపిస్తాయి. తెచ్చి వదిలిన సాయంత్రానికే రొయ్యల మీసాలు పట్టుకుని పీకడం మొదలుపెట్టాయి. వదిన నవ్వింది గానీ రొయ్యలకి నవ్వు వచ్చినట్టు లేదు, అన్నీ రాళ్ళ వెనక దూరాయి. దోమచేపలు తిరిగి నూతికి వెళ్ళిపోయాయి.

తర్వాత మట్టగిడస పిల్ల ఒకటి. ఇంకా పసిదేనని, దానికి ఏం తెలుస్తుందని బావ వాదించాడు. దానికి తెలియవలసినదంతా తెలుసు. రెండు రోజుల్లో పదింట్లో ఆరు రొయ్యలు మాయం. దాని పొట్ట మాత్రం మా వదిన పొట్టతో పోటీ పడింది.

చేపలామె ఈ కథంతా విని గుమ్మంలో చతికిలబడి నవ్వింది.

“పుస్తకం కాదు బాబూ, నోరు సూడాల. దాని నోట్లో పట్టీదేదీ దాని పక్కన ఒగ్గకూడదు. పరిగెలు తెత్తానుండు. ఆటి నోరు సూదిబెజ్జమంతుంటాది” అంది.

మట్టగిడస ఏట్లోకి పోయింది, ఐదు పరిగెలు వచ్చాయి. మరో ఆరు రొయ్యలు వచ్చి మళ్ళీ పది అయ్యాయి. ఇంక ఆ తొట్టెలో శాంతి వెలసింది. పరిగెలు పైన తిరిగేవి, రొయ్యలు అడుగున కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు రెండు చేతులతోనూ నాచు ఏరుకు తినేవి. వదిన పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాటినే చూసేది. ఒకనాడు ఇసక మీద తెల్లగా పడి ఉన్న రొయ్య కనిపించి ఆవిడ బావురుమంటే అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బావ దాన్ని పైకి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. లోపల ఏమీ లేదు, డొల్ల. పాములాగే రొయ్య కూడా కుబుసం విడుస్తుందట. అందరం కలిసి లెక్కపెట్టాం. రాయి కిందున్న దానితో కలిపి పది ఉన్నాయి. మా అత్త అంత పెద్దగా ఊపిరి వదలడం నేను అంతకుముందు వినలేదు. రొయ్యపొట్టు మీద ఆవిడకి మమకారం పుట్టింది ఆ పూటే అనుకుంటాను. పైకి మాత్రం ఒప్పుకునేది కాదు.

ఇక నీళ్ళ సంగతి. మా పెరటి నూతి నీళ్ళు ఉప్పన, అంట్లు తోమడానికే. తాగే నీళ్ళు ఏటి నుంచి రావాలి. “ఇవి మంచినీటి రొయ్యలు, వీటికి మంచినీళ్ళే పోయాలి, నూతి నీళ్ళు పడవు” అని బావ అందరికీ వినపడేలా చెప్పాడు. తొట్టె బాధ్యత నాది. నాలుగు రోజులకోసారి పాత నీళ్ళు కాస్త తోడేసి, సత్తు బిందెతో ఏటి నీళ్ళు తెచ్చి పోసేదాన్ని.

పది రోజులు గడిచాయో లేదో, రొయ్యలు చావడం మొదలైంది. ఈసారి కుబుసాలు కావు. ఉడకబెట్టినట్టు ఎర్రబడి, పక్కకి ఒరిగి పడి ఉండేవి. రోజుకొకటి, ఒక్కోసారి రెండు. పరిగెలే ఏదో చేస్తున్నాయని నేను వాటి మీద విరుచుకుపడ్డాను. పెద్దవి రెంటినీ తీసేశాను. ఆగలేదు. మిగిలిన మూడింటినీ కూడా తీసి వేరే గంగాళంలో పడేశాను. అయినా ఆగలేదు. కొరికిన గుర్తు ఏ రొయ్య ఒంటి మీదా లేదని అప్పుడు గానీ నేను చూసుకోలేదు. మళ్ళీ కొత్తవి తెప్పించాను. అవీ అంతే. చేపలన్నీ నిర్దోషులని తేలిపోయాక, ఆ తొట్టెలో చెయ్యి పెట్టేది ఇక నేనొక్కదాన్నే.

మా అత్త నన్ను ఏమీ అనలేదు. ఒకరోజు వదినకి వేడినీళ్ళు పట్టుకెళుతుంటే, “నువ్వుండు, నాను పట్టికెల్తాను” అని తీసుకుంది. మర్నాడు నూనె గిన్నె. తర్వాత పక్క దులపడం. పెద్దావిడకి పనెక్కువ అవుతోందని నేనే జాలిపడ్డాను, పిచ్చిదాన్ని. ఒక మధ్యాహ్నం పెరట్లో మంత్రసానితో ఆవిడ అంటున్న మాట నా చెవిన పడింది.

“దాని మనసు మంచిదే. నా తమ్ముడి కూతురు, నాకు తెలీదేటి? సెయ్యే సల్లగా నేదు. ఏ పేనం మీద సెయ్యేసినా నిలవటం నేదు. ఆ ఏళకి దాన్ని గదిలోకి రానీకూడదు.”

నేను వెంటనే వెళ్ళి దెబ్బలాడి ఉండవలసింది. నా స్వభావం అదే. కానీ ఆ పూట నాకు కాళ్ళు రాలేదు. పరాయి మనిషి అంటే తిరగబడతాం, ఎత్తుకు పెంచిన మేనత్త అంటే ఏం చేస్తాం? వంటింట్లో కూర్చుని నా చేతులు చూసుకున్నాను. నేను పెట్టిన బీరపాదు వాడిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఆ ఏడు వానలు ఎక్కువై వీధిలో అందరి పాదులూ కుళ్ళాయి, అయినా నాకు నాదే గుర్తొచ్చింది. భయం వేసింది. నిజంగానే నా చేతిలో ఏదో ఉందేమో, వదిన పక్కన నేను ఉండకపోవడమే మంచిదేమో అనిపించింది. ఆ రెండు రోజులూ బియ్యం కడగాలన్నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మూడో రోజుకి నా కోపం నాకు తిరిగొచ్చింది. ఏదో వచ్చి తొట్టెలో మూతి పెడుతోంది, పిల్లో ఎలకో, దాన్ని పట్టుకోవాలనుకుని ఇంకా వెలుగు రాకముందే లేచి వదిన గది గుమ్మం పక్కన నిలబడ్డాను. వదిన నిద్రలో ఉంది. తొట్టె దగ్గర మా అత్త ఉంది. తడి జుట్టు ముడేసుకుని, రాగి చెంబు రెండు చేతులతో పట్టుకుని, తొట్టెలోకి సన్నని ధారగా నీళ్ళు పోస్తోంది.

“తాగండమ్మా. మంచినీళ్ళు” అంటోంది.

నన్ను చూసి ఉలిక్కిపడింది. “ఏటలా సూస్తావు? ఆటికి మాత్రం దాహం వెయ్యదేటి? బాబు మంచినీళ్ళే పొయ్యమన్నాడు గదా. రోజూ ఒక సెంబు పోస్తన్నాను” అంది.

తొట్టెలో నీళ్ళు ఎందుకు తగ్గడం లేదా అని నేను అప్పటికి చాలా రోజులుగా అనుకుంటున్నాను. అది తేలింది. ఇంక నాకేమీ తట్టలేదు. రొయ్యపొట్టని వెక్కిరించిన మనిషి ఎవరూ చూడకుండా వాటికి దాహం తీరుస్తోంది. కోపమంతా పోయి గుండె కరిగి వెనక్కి వచ్చేశాను. మా అత్త మంచినీళ్ళంటే ఏమిటో మీకు చెప్పలేదు. ఏటి నుంచి తెచ్చిన నీళ్ళని గుడ్డతో వడకట్టి, చింతపండుతో తళతళా తోమిన రాగి బిందెలో రాత్రంతా ఉంచినవి. మా ఇంట్లో మేం తాగేవీ, వచ్చిన చుట్టాలకి ఇచ్చేవీ అవే. అంతకు మించిన నీళ్ళు ఆవిడకి తెలియవు.

ఆ ఉదయమే చేపలామె నాలుగు రొయ్యలు తెచ్చింది. అత్త పెరట్లో ఉంది. నేను చేతికందిన రాగి చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. చేపలామె తన కుండని వెనక్కి లాక్కుంది.

“రాగిలో ఒద్దమ్మా. రొయ్యకి రాగి పడదు. మా ఇంటికాడ ఒకపాలి రాగి గుండిగలో పోసి ఉంచితే తెల్లారీసరికి అన్నీ ఎర్రబడి పడున్నాయి. సేప తట్టుకుంటాది గానీ ఇది తట్టుకోనేదు” అంది.

నేను ఆ చెంబుతో వీధిలో అలాగే నిలబడిపోయాను. ఒళ్ళంతా తేలికైపోయింది. నా చేతిలో ఏమీ లేదు. నా చేతులు మామూలు చేతులే. ఈ మాట ఊరంతా వినపడేలా అరవాలనిపించింది. ఆ ఊపులోనే లోపలికి వెళ్ళాను. మా అత్త వదిన పాదాల దగ్గర కూర్చుని వాచిన కాళ్ళకి నూనె రాస్తోంది, పెదవులు ఏదో గొణుక్కుంటున్నాయి. నేను నోరు తెరిచి, మూసేశాను.

రొయ్యల్ని చంపింది నా చెయ్యి కాదంటే మరి ఎవరిదని ఆవిడ అడగదా? రోజూ ఒక చెంబు పోసిన చెయ్యి ఆవిడది. చేతి వాసిని అంతగా నమ్మే మనిషి, రేపు ఆ చేత్తోనే కూతురి బిడ్డని అందుకోవాలి. నేను గెలిస్తే ఆవిడ కూలిపోతుంది. ఆ పూట నేను మింగిన కోపం సంగతే మొదట చెప్పాను.

సాయంత్రం బావకి చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. “మైలుతుత్తం ఏసి సెరువుల్లో నత్తల్ని సంపుతారు, అదీ రాగే. నాకెందుకు తట్టనేదు?” అని పుస్తకం తీసుకుని అత్తకి పాఠం చెప్పడానికి బయల్దేరాడు. చొక్కా పట్టుకుని ఆపాను. నోరు మూసుకుని రెండు గాజు సీసాలు తెమ్మన్నాను.

మర్నాడు నేనే ఏటి నీళ్ళు తెచ్చి సగం మట్టికుండలో, సగం రాగి బిందెలో పోసి ఉంచాను. పొద్దుటే సీసాలు రెండూ అత్త ముందు పెట్టాను.

“అత్తా, నా సెయ్యి సల్లగా నేదన్నావు. నాను ముట్టుకోను. నువ్వే పొయ్యి. ఒకదాన్లో కుండ నీళ్ళు, ఒకదాన్లో బిందె నీళ్ళు” అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. నేను విన్నానని అప్పుడే ఆవిడకి తెలిసింది. రెండు సీసాల్లోనూ నీళ్ళు పోసింది. మట్టికుండలోనే ఉంచిన ఆ నాలుగు రొయ్యల్నీ రెండేసి చొప్పున ఆవిడే తన చేత్తో వేసింది. సీసాలు వంటింటి కిటికీలో పెట్టాం. ఆ రోజంతా ఆవిడ కిటికీ వైపు చూడలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

మర్నాటి పొద్దుటికి కుండనీళ్ళ సీసాలో రెండూ చేతులాడిస్తూ ఉన్నాయి. బిందెనీళ్ళ సీసాలో రెండూ ఎర్రబడి అడుగున ఉన్నాయి. మా అత్త సీసాలు రెండూ ఎత్తి వెలుగులో పట్టి చూసింది.

“రెంటిలోనూ నీ సెయ్యే కదత్తా. నీళ్ళూ ఒక ఏటివే” అన్నాను.

“మరి మనం తాగుతన్నాం గదే ఆ నీళ్ళు?”

“మనకి మంచిదే. దానికి పడదు, అంతే. ఇందులో సెయ్యి తప్పేటీ నేదు. నీదీ నేదు, నాదీ నేదు.”

ఆవిడ పీట మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “అయితే నానే పోసి సంపేసినాను. దాహం తీరుస్తన్నాననుకున్నాను. తప్పు నీ సేతికి కట్టీసేను. నా తమ్ముడికి తెలిస్తే ఏటంటాడే” అంది. నేను కూడా ఏడ్చాను. ఏడుస్తూనే, నాన్నకి చెప్పేస్తానని బెదిరించాను. ఆవిడకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఆ వేళ మేమిద్దరం తిన్నంత అన్నం పది రోజుల్లో తినలేదు.

తొట్టెలో పాత నీళ్ళన్నీ తీసేసి, ఇసక కడిగి, కుండనీళ్ళు పోశాం. కొత్త రొయ్యలు వచ్చాయి. అన్యాయంగా ఇంట్లోంచి గెంటించుకున్న ఐదు పరిగెలూ గంగాళంలోంచి తిరిగొచ్చాయి. వారం గడిచింది, ఒక్కటీ చావలేదు. ఎనిమిదో రోజున ఒక రొయ్య పొట్ట కింద ఆవగింజల్లాంటి గుడ్లు కనిపించాయని వదిన నన్ను కేకేసి చూపించింది. అప్పటికి నేను ఆ గదిలోకి ఎవరినీ అడగకుండానే వెళుతున్నాను.

ఆ తర్వాత మూడో నాడు, పొద్దున్న పొయ్యి రాజేస్తుండగా వదినకి నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చింది. నేను వదిన తల దగ్గర, అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం దాటేవరకూ వదిన నా మణికట్టు వదల్లేదు. ఆ గుర్తులు నాలుగు రోజులున్నాయి. బిడ్డ బయటికొచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. మేం ముగ్గురం ఊపిరి తీయలేదు. రెండోసారి చరిచాక చిన్నగా కీచుమంది, ఆ వెంటనే గది అదిరేలా అందుకుంది.

“ఎవులో ఒకరు పట్టండి, నాకు పనున్నాది” అంది మంత్రసాని.

మా అత్త చేతులు చాపింది. అవి మోచేతుల దాకా వణికిపోతున్నాయి. వాటిని ఒక్కసారి చూసుకుని వెనక్కి తీసుకుంది. నా వైపు తిరిగింది.

“నువ్వు పట్టే. నీ సెయ్యి నిలకడగా ఉన్నాది” అంది.

పట్టుకున్నాను.